తలకట్టు లేని మాట

ఆ ఇంట్లో పిల్లి కూడా పార్టీ మార్చిందని అత్తగారికి ఆ రోజు ఉదయమే తెలిసింది.

పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. ఏడు కూడా కాకుండానే ఎండ కిటికీలోంచి దూకి వంటింటి గట్టు మీదికి వచ్చేసింది. పదకొండేళ్లుగా సరిగ్గా ఆ వేళకు ఆవిడ కాళ్లకు అడ్డం పడి, నాలుగు తిట్లు తిని, ఆ తర్వాత గిన్నెడు పాలు తాగి వెళ్లే బూడిదరంగు పిల్లి ఇవాళ రాలేదు. వెతుక్కుంటూ హాల్లోకి వెళితే అది కోడలి ఒళ్లో పడుకుని ఉంది. కోడలు దాని చెవి వెనక గోకుతోంది. ఎదురుగా కుర్చీలో ఆవిడ భర్త మాస్టారు నల్లద్దాలు పెట్టుకుని, చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నారు.

"పాలు పోశాను, దాన్ని ఇటు పంపించు," అంది అత్తగారు.

"తాగేసింది అత్తయ్యా. నా గ్లాసులోవే కాసిని పోశాను."

"అలాగా. అయితే నా చేతి పాలు ఇక రుచించవన్నమాట."

కోడలు నవ్వింది, అత్తగారు హాస్యమాడిందనుకుని. మాస్టారు మాత్రం కథ ఆపలేదు. ఆయనకు వినేవాళ్లు దొరికితే ఇల్లు కాలుతున్నా ఆపరు. అత్తగారు మూతి ముడుచుకుని వంటింట్లోకి వచ్చేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ కోపం కూడా ఆవిడ కోడలి లెక్కలోనే వేసింది.

ఇదంతా మూడు వారాల నుంచి నడుస్తోంది. మాస్టారు ముప్పై అయిదేళ్లు బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఊరుకోలేక, తమ వీధిలో ఒకప్పుడు బతికిన జంతువుల గురించి రాయడం మొదలుపెట్టారు. పాలబండి గుర్రం, నీళ్లపీపాలు మోసిన కంచరగాడిద, రొట్టెల దుకాణం పిల్లులు, పోస్టుమాన్ని తప్ప ఎవరినీ కరవని ఒక కుక్క. "రాజుల గురించి అందరూ రాశారు. రాజుల సామాన్లు మోసినవాళ్ల గురించి ఎవరు రాశారు?" అని ఆయన వాదం. లైబ్రరీవాళ్లు వేసవి సెలవుల్లో ప్రతి ఆదివారం ఒకరి చేత ఏదైనా చదివిస్తారు. ఈసారి మాస్టారిని అడిగారు. ఆయన పొంగిపోయి కట్టెడు కాగితాలు రాశారు. తీరా చూస్తే కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నెల రోజులు అక్షరం ముట్టొద్దని డాక్టరు చెప్పాడు.

ఇక ఆ కాగితాలు ఎవరు చదవాలి? ఎవరు టైపు చేయాలి? దీనికి జవాబు అత్తగారికి అడక్కుండానే తెలుసు. మాస్టారు అక్షరాలకు తలకట్లు పెట్టరు. "తలకట్లు పెడుతూ కూర్చుంటే ఆలోచన పారిపోతుంది," అంటారు. బడిలో తోటి మాస్టర్లు ఆయన రాసిన కాగితాన్ని తలకిందులుగా కూడా తిప్పి చూసి చేతులెత్తేసేవాళ్లు. ముప్పై అయిదేళ్లు ప్రతి పరీక్ష పేపరునూ వంటింటి బల్ల మీద కూర్చుని సాపు రాసి ఇచ్చింది ఆవిడే. ఆయన చేతిరాత చదవగలిగిన మనిషి భూమ్మీద తానొక్కతేనని ఆవిడకు లోలోపల గర్వం.

కానీ మాస్టారు ఆవిడను అడగలేదు. కోడలిని అడిగారు.

కోడలు పశువుల ఆసుపత్రిలో పనిచేస్తుంది. వేసవిలో అక్కడ ఒంటిపూట. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, నాలుగు మెతుకులు తిని, కాగితాలు ముందేసుకుని కూర్చుంటుంది. అర్థం కాని చోటల్లా మాస్టారిని అడుగుతుంది. ఆయన ఒక మాటకు బదులు ఒక గంట చెబుతారు. మధ్యమధ్యలో ఇద్దరూ పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వు వినిపించినప్పుడల్లా అత్తగారి కత్తిపీట మీద దోసకాయ సన్నని ముక్కలైపోయేది.

"ఏమిటంత నవ్వొచ్చే విషయం?" అని ఒకసారి గుమ్మంలోకి వచ్చి అడిగింది.

మాస్టారు తడబడ్డారు. "ఏం లేదోయ్, గాడిద సంగతి."

కోడలు కాగితం గబుక్కున బోర్లించింది. అది అత్తగారి కంట్లో పడనే పడింది. నాకు తెలియకూడని గాడిద ఏమిటో, అనుకుంది. ఆ రాత్రి భోజనానికి కోడలు గుమ్మడికాయ ముక్కలు వెల్లుల్లి వేసి కాల్చింది. మాస్టారు రెండోసారి వడ్డించుకున్నారు.

"వెల్లుల్లి కాస్త ఎక్కువైంది," అంది అత్తగారు.

"అదే బాగుంది," అన్నారు మాస్టారు.

ఆ ఒక్క మాట ఆవిడకు రెండు రోజులు అరగలేదు.

బుధవారం మాస్టారిని కొడుకు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంట్లో అత్తాకోడళ్లు ఇద్దరే. కోడలు చివరి కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. దాన్ని మడిచి, ఒక్క వరుస మాత్రమే కనపడేలా బొటనవేలు అడ్డం పెట్టింది.

"అత్తయ్యా, ఈ ఒక్క మాట చూసి చెప్పరూ? ఈ పేజీ తనకు చదివి వినిపించొద్దన్నారు మామయ్య. సభలోనే వింటారట. సాయంత్రానికి లైబ్రరీకి పంపాలి. ఇది తోకా, తోడా?"

అత్తగారు కళ్లజోడు సవరించుకుంది. చూడగానే తెలిసిపోయింది. త మీద మెలిక, ఆ పక్కన డు. ఆయన రాసే కొమ్ము అలా లోపలికి ముడుచుకుంటుందని ఆవిడకు కాక ఇంకెవరికి తెలుసు? తోడు.

మూడు వారాలుగా తనను అడగని మనుషులు ఇప్పుడు ఒక్క మాట కోసం వచ్చారు, అదీ వేలు అడ్డం పెట్టుకుని. ఆవిడకు ఒళ్లు మండింది.

"తోకే," అంది గరిటె తిప్పుతూ. "జంతువుల గురించి రాసిన దాంట్లో తోక కాక ఇంకేముంటుంది?"

"నాకు తోడు అనిపించింది. కానీ మామయ్య హాస్యాలు అలాగే ఉంటాయి కదా."

"నన్నడిగావు, చెప్పాను. నీ ఇష్టం."

కోడలు వెళ్లిపోయింది. తప్పు ఎక్కడో చిన్న చోట దొర్లుతుంది, మాస్టారు విసుక్కుంటారు, అప్పుడు తన విలువ తెలిసొస్తుంది. ఇంతే ఆవిడ ఆలోచన. ఇంతకు మించి చెడు తలచలేదు. అయినా ఆ పూట కూరలో ఉప్పు వేశానో లేదో మూడుసార్లు రుచి చూసుకుంది.

ఆదివారం పదిగంటలకు లైబ్రరీ హాలు నిండింది. పైన ఫ్యాన్లు తిరుగుతున్నా అందరి చేతుల్లోనూ కాగితాలు ఊగుతున్నాయి. మాస్టారు వేదిక మీద నల్లద్దాలతో కూర్చున్నారు. పక్కన నిలబడి కోడలు చదువుతోంది. అత్తగారికి ముందు వరసలో చోటిచ్చారు. తన భర్త రాసినది ఇంకొకరి గొంతులో వినడం ఆవిడకు పంటికింద రాయిలా ఉంది. రొట్టెల దుకాణం పిల్లుల గురించి జనం నవ్వారు. కుక్క చనిపోయిన చోట ఎవరో ముక్కు చీదారు. కోడలు చివరి కాగితం తీసింది.

"ఈ వీధిలో గుర్రాలు పోయాయి, గాడిదలు పోయాయి, వాటి గిట్టల చప్పుడూ పోయింది. నన్ను మాత్రం ముప్పై ఎనిమిదేళ్లుగా విడవకుండా ఉన్న తోక ఒకటి మా వంటింట్లో ఉంది. నాకు తెలిసిన చరిత్రలో సగం దాని దగ్గర నేర్చుకున్నదే."

హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరసల్లోవాళ్లు మెడలు చాపి మరీ ముందు వరస వైపు చూశారు. పక్కనున్న పోస్టుమాస్టరు భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. వేదిక మీద మాస్టారి మొహం పాలిపోయింది. ఆయన లేవబోయి, చూపు ఆనక, కుర్చీ చెయ్యి తడుముకుని మళ్లీ కూర్చున్నారు.

ఆ తోక ఎవరో, ఆ మాట ఎవరిదో ఆ హాల్లో ఒక్క అత్తగారికే పూర్తిగా తెలుసు. ఆవిడ తలెత్తలేదు.

ముగ్గురూ ఎండలో ఇంటికొచ్చారు. చెప్పులు విప్పుతూనే మాస్టారు అడిగారు. ఆయన కోడలితో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదటిసారి.

"ఎలా చదివావమ్మా ఆ మాట? తోడు అని రాశాను నేను. నలుగురిలో మీ అత్తయ్యను జంతువును చేశావు."

కోడలు ఒక్కసారి అత్తగారి వైపు చూసింది. ఆ చూపులో నిందేమీ లేదు. అది అడుగుతున్నట్టు మాత్రమే ఉంది. అత్తగారు చూపు తిప్పుకుంది.

"తప్పు నాదే మామయ్యా. నేనే సరిగా చదువుకోలేదు."

"తెలియకపోతే అడగొద్దూ? ఇక చాలు, ఆ కట్ట అక్కడ పెట్టెయ్. కళ్లు బాగయ్యాక నేనే చూసుకుంటాను."

కోడలు కాగితాల కట్ట బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్లింది. తలుపు చప్పుడు కూడా చేయలేదు.

నిజం చెప్పాలంటే, ఆ క్షణం అత్తగారికి ఎక్కడో కాస్త హాయిగా అనిపించింది. పడ్డాయి అక్షింతలు, అనుకుంది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. తన తప్పు నెత్తినేసుకుని ఆ పిల్ల గదిలో కూర్చుంటే తాను సంతోషిస్తోంది. ఇంత చిన్న మనిషినా నేను, అనుకుంటూ బల్ల దగ్గర కూలబడింది.

చేతికి కట్ట తగిలింది. మొదటి కాగితం తీసింది. తలకట్లు లేని ఆ అక్షరాలు ఆవిడకు అచ్చు పుస్తకంలా కనపడ్డాయి.

గుర్రం గురించిన కాగితం అది. 'పాలబండి గుర్రం పాలు పోయించుకునే ఇళ్ల ముందే ఆగేది. మేము పాలు పోయించుకోకపోయినా మా కిటికీ దగ్గరా ఆగేది. కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ క్యారెట్ తొక్కలు దాచి పెట్టేది దానికి.' ఇంకో కాగితంలో కరువు. 'కరువు ఏడాది ఈ ఊరివాళ్లు ఏం తిని బతికారో ఏ పుస్తకంలోనూ లేదు. మా ఆవిడ గుమ్మడి గింజలు వేయించి చేతిలో పోసి, వాళ్ల అమ్మమ్మ ఇలాగే బతికిందని చెప్పాక నాకు తెలిసింది.' గాడిద కాగితంలో కూడా తానే. దానికి ఎండదెబ్బ తగిలితే తడిబట్ట కప్పి, బండివాణ్ణి వీధి అదిరేలా తిట్టిన సంగతి. దీనికేనా వాళ్లిద్దరూ అంతలా నవ్వింది? ఆవిడ ఒక్కో కాగితం తిరగేసింది. సభలో చదవని కాగితాలు ఇరవై దాకా ఉన్నాయి. అన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట తమ వంటిల్లు ఉంది. అందులో తాను ఉంది.

అత్తగారు కళ్లు తుడుచుకుని లేచి కోడలి గది తలుపు తట్టింది.

"అమ్మాయ్, ఇలా రా. ఆయన ముందరే చెప్పాలి."

కోడలు ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది. మాస్టారు తలెత్తారు.

"తోక అని చెప్పింది నేను. ఈ పిల్ల నన్నడిగింది. తోడు అని నాకు స్పష్టంగా కనపడింది. అయినా తోక అన్నాను."

"ఎందుకు?" అన్నారు మాస్టారు.

"కుళ్లు. దానికి ఇంకో పేరేముంది? మీ చేతిరాత చదవడం నాకొక్కదానికే వచ్చు. అది కూడా ఈ పిల్లకిచ్చేశారు. పొద్దస్తమానం ఇద్దరూ నవ్వుకుంటారు. నేను రాగానే కాగితం బోర్లిస్తారు. నేనేమనుకోవాలి?"

"నీ గురించి రాసింది నీ చేతే టైపు చేయించమంటావుటోయ్? సభలో వింటావని దాచాను."

"మామూలుగా కూడా మీరు నాకు కబుర్లు చెప్పడం మానేశారు. పెళ్లయిన కొత్తలో అన్నం తింటూ యుద్ధాలన్నీ చెప్పేవారు."

మాస్టారు నెమ్మదిగా అన్నారు. "నేను నోరు విప్పగానే నువ్వు గిన్నెలు తోమడం మొదలుపెట్టేదానివి. ఆ చప్పుడులో ఎంతకాలం చెప్పను?"

అది నిజం. ఆ గిన్నెల చప్పుడు ఆవిడకు ఇప్పుడు వినిపించింది. పని తెమలదన్న తొందరలో, ఈయనకేం కూర్చుని కబుర్లు చెబుతారన్న విసుగులో, తలుపు తానే వేసుకుంది. ఇప్పుడు ఇంకెవరో దాన్ని తెరిస్తే ఓర్వలేకపోయింది. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"నా తప్పు నువ్వెందుకు మోశావే పిచ్చిదానా?"

"నేనూ కుళ్లుకున్నాను అత్తయ్యా," అంది కోడలు ముక్కు ఎగబీలుస్తూ. "మూడు వారాలు ఏ కాగితం తీసినా మీరే. మీ అబ్బాయి నా గురించి బజారు సరుకుల చీటీ మీద కూడా ఒక్క ముక్క రాయలేదు. తోక అని మీరన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. అయినా సరేలే, ఒక్కచోటైనా ఈవిణ్ణి పొగడకపోతే ఏమవుతుందిలే అనిపించింది. అలాగే కొట్టేశాను."

అత్తగారు ఏడుపు ఆపి కోడలి మొహంలోకి చూసింది. తర్వాత ఆవిడకు నవ్వు ఆగలేదు. మాస్టారు నల్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నాకు ఆపరేషన్ అయిన కన్ను తడవకూడదన్నాడు డాక్టరు. మీరిద్దరూ కాస్త దయ చూపండి," అన్నారు.

"వచ్చే ఆదివారం అయిదు నిమిషాలు నాకిమ్మని లైబ్రరీవాళ్లకు చెప్పండి," అంది అత్తగారు. "ఆ ముక్క నేనే చదువుతాను. తప్పు నాదని కూడా అక్కడే చెబుతాను."

"నిన్ను పొగిడిన మాట నువ్వే చదువుకుంటావా? సిగ్గనిపించదూ?"

"నలుగురిలో తోకనయ్యాక ఇంకా సిగ్గేమిటి?"

ఆవిడ కట్ట తీసుకుని ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. కోడలిని కూడా కూర్చోమంది. మొదటి కాగితం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఆయన రాసినది ఆయనకే చదివి వినిపించడం కొత్తగా ఉంది. నాలుగో వరసలోనే ఆగిపోయింది.

"ఇది తప్పు. పాలబండిది మగగుర్రం అని రాశారు. అది ఆడది."

"మగదే. నాకు బాగా గుర్తు."

"రోజూ దానికి తొక్కలు పెట్టింది మీరా, నేనా? అది చూలుతో ఉన్నప్పుడు రెండు నెలలు బండి కట్టలేదు. ఆ సంగతి మీకు తెలియనే తెలియదు."

ముప్పై అయిదేళ్లు చరిత్ర చెప్పిన మనిషి, ఒక సాక్షిని ఇంట్లోనే పెట్టుకుని అడగడం మరిచిపోయాడు. మాస్టారు కోడలి వైపు తిరిగారు.

"కలం తీసుకో అమ్మా. మీ అత్తయ్య చెప్పినట్టు రాసుకో."

అత్తగారు గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఒంటిగంట దాటినా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆకలని ఎవరూ అనలేదు.