అడగకూడని ప్రశ్న

ట్రామ్ వంతెన మధ్యకు వచ్చేసరికి అందరి మణికట్లూ ఒక్కసారిగా వెచ్చబడ్డాయి. మాటలు ఆగిపోయాయి. చేపల గంప సర్దుకుంటున్న ఆవిడ కూడా కళ్ళు మూసుకుంది.

డాక్టర్ రౌతు హైమావతి మణికట్టు చర్మం కింద ఉన్న మనోముద్ర నిన్నటి ప్రశ్నే మళ్ళీ అడిగింది: ‘ఎగువ గణరాజ్యం మీదికి సైన్యాన్ని పంపుదామా?’

వద్దు అనుకుందామె. అంతే చాలు, నోరు విప్పనక్కరలేదు. నాగావళి గణరాజ్యంలో ప్రతి పౌరుడి అభిప్రాయాన్నీ మనోముద్ర నరాల్లోంచే చదివి జనమాన యంత్రానికి చేరవేస్తుంది. ఎవరిది ఏ అభిప్రాయమో ప్రభుత్వానికి కూడా తెలియదు. మొత్తం మాత్రమే తెలుస్తుంది. మనోముద్ర వచ్చాక సభలు పోయాయి, ఊరేగింపులు పోయాయి, పత్రికల్లో సంపాదకీయాలు పోయాయి. తమ మనసు క్షణాల మీద నాయకులకు తెలిసిపోతుంటే ఇక వాళ్ళను విమర్శించడం ఎందుకనుకున్నారు జనం. పక్కవాళ్ళను ‘మీరేమనుకుంటున్నారు?’ అని అడగడం క్రమంగా అసభ్యమైపోయింది.

తలుపు మీది తెర వెలిగింది. అవునన్నవారు నూటికి డెబ్బై రెండు. చట్టానికి డెబ్బై చాలు. సూర్యాస్తమయం వేళ మరోసారి చదివినప్పుడు కూడా అంకె నిలబడితే సైన్యం కదులుతుంది.

కింద నది ఇసుక తేలి ఉంది. ఎగువవాళ్ళు బ్యారేజీ గేట్లు మూసేశారు. హైమావతికి కోపం లేకపోలేదు. కానీ గత సరిహద్దు పోరులో ఆమె ఆపరేషన్ బల్ల మీదికి వచ్చిన కుర్రాళ్ళ ముఖాలు ఇప్పటికీ ఆమెను వదల్లేదు. ఇక ఉండబట్టలేక పక్క సీటు పెద్దాయన వైపు తిరిగింది.

“మీరేమనుకున్నారండీ?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. “అదేటమ్మా, అలాగడిగేత్తారు?”

“నేను వద్దనుకున్నాను. ఎముకల డాక్టర్ని. పోయినసారి సైనికుల కాళ్ళు తీసేసింది నేనే. మీరు?”

ఆయన గొంతు తగ్గించాడు. “అవుననుకున్నానమ్మా. ఇష్టమై కాదు. నిన్నటి నుంచీ అడిగినప్పుడల్లా అంకె పెరుగుతానే ఉంది. ఇంతమంది అంటన్నారంటే నాకు తెలీనిదేదో ఉంటాదని...”

“నానూ అంతే బాబూ,” అంది చేపలావిడ. “మా వదిన కొడుకు ఎగువనే ఉన్నాడు. ఆడి మీద బాంబెయ్యమని నానెందుకంటాను? అందరూ అంటన్నారు కదా అనుకున్నాను.”

ఎదురుగా నిలబడ్డ యువకుడు గట్టిగా అన్నాడు: “నేను మాత్రం కావాలనే అనుకున్నాను. మా పొలం బీటలు తీసింది. నీళ్ళాపినోళ్ళని వదిలెయ్యమంటారా?”

హైమావతి అతని వైపు తిరిగింది. “వదలమనడం లేదు. మన గణనాయకురాలు ఒక్కసారైనా వెళ్ళి వాళ్ళతో కూర్చున్నారా?”

“నాకు తెలిసినంతలో లేదు,” అన్నాడతను.

“యుద్ధానికి ముందు ఆవిణ్ణి ఆ మాట అడగొద్దూ?”

ట్రామ్ దిగాక కూడా వాళ్ళు మాట్లాడుకుంటూనే నడిచారు. బజారులో మరికొందరు చేరారు. మధ్యాహ్నానికి ఊళ్ళో వీధివీధినా వాదనలు. పెద్దవాళ్ళు అంత గట్టిగా మాట్లాడటం ఎన్నడూ చూడని పిల్లలు మొదట బెదిరి, తర్వాత సరదాగా గుంపుల్లో దూరారు. జనమాన యంత్రానికి మాత్రం ఇది అంతుబట్టలేదు. మనిషి అభిప్రాయం ఆ మనిషిలోనే పుట్టి అక్కడే ఉంటుందన్న నమ్మకంతో తయారైన యంత్రమది.

సూర్యాస్తమయానికి అంకె నలభై ఒకటికి పడిపోయింది.

గణనాయకురాలు మెట్ట సుకీర్తి స్వయంగా బజారుకు వచ్చింది. ఆమె గొంతులో కోపం కన్నా అయోమయమే ఎక్కువగా ఉంది.

“పొద్దున్న డెబ్బై రెండు, ఇప్పుడు నలభై ఒకటి! మీ మనసు చదివి మీరు కోరిందే చేయబోయాను. ఇందులో నా తప్పేముంది?”

“మీ చేతికీ ముద్ర ఉంది కదమ్మా,” అంది హైమావతి. “పొద్దున్న మీరేమనుకున్నారు?”

మనోముద్ర వచ్చిన పదిహేనేళ్ళలో గణనాయకురాలిని ఎవరూ అడగని ప్రశ్న అది. సుకీర్తి తన మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది.

“వద్దనే అనుకున్నాను,” అంది చివరికి.

ముందుగా తేరుకున్నది చేపలావిడే.

“అయితే ఆ ముక్క మాతో సెప్పాలి కదమ్మా! సెప్తారనే కదా మిమ్మల్ని ఎన్నుకున్నాం!”

మర్నాడే సుకీర్తి ఎగువకు బయలుదేరింది. ట్రామ్‌లో కోప్పడిన ఆ యువ రైతును వెంట తీసుకువెళ్ళింది. చర్చలు వారాల తరబడి సాగాయి. గేట్లు పూర్తిగా కాకపోయినా సగం తెరుచుకున్నాయి. పొలాలకు కాస్త ఆలస్యంగానైనా నీళ్ళొచ్చాయి.

అయినా తర్వాతి ఎన్నికల్లో సుకీర్తి ఓడిపోయింది. హైమావతి కూడా ఆమెకు వ్యతిరేకంగానే ఓటు వేసింది. ముందురోజు సాయంత్రం సుకీర్తి ఇంటికి వెళ్ళి, తన మాట దాచుకుని అంకె వెనక నడిచిన నాయకురాలికి ఓటు వేయలేనని ఆమెకే చెప్పింది. సుకీర్తి టీ ఇచ్చి, ప్రతి మాటకూ ఎదురు వాదించింది. ఇద్దరిలో ఎవరూ ఒక్క మెట్టు దిగలేదు.

“మళ్ళీ రండి డాక్టరుగారూ,” అంది సుకీర్తి గుమ్మం దాకా వచ్చి. “నేను చెప్పవలసింది ఇంకా మిగిలే ఉంది.”