గుమ్మం మీద మసిచెయ్యి

అత్తగారు థర్జాతో వేగడం కన్నా గనిలో దిగి బొగ్గు తవ్వడమే సుఖమని హెస్టర్ మొగుడితో రోజుకోసారి అనేది. ఇంగ్లాండు ఉత్తరాన, ఆ డర్హమ్ గనుల ఊళ్లో మసి పడని ఇల్లు లేదు. మసిని తిట్టడానికి థర్జా దగ్గరున్నన్ని మాటలు మాత్రం మరో ఇంట్లో లేవు. గిన్నెకైతే మకిలి, దుప్పటికైతే మరక, పిల్లి కాళ్లకైతే గలీజు, పక్కింటావిడ పరువుకైతే మచ్చ. అన్నిటికన్నా ఘోరమైన నేరం బొగ్గుమసి పులమడం. దానికోసం అమ్మమ్మల నాటి మాట ఒకటి దాచుకుంది: 'కాలో'. "నా గడపంతా కాలో చేశావు కదే!" అందంటే ఆ పూట కోడలి టీలో పంచదార తగ్గేది.

ఆ ఉదయమూ మామూలుగానే తెల్లారింది. రాబ్ రొట్టె తిని, వాళ్లమ్మకి వినబడేలా బూట్లు దులుపుకుని పనికి బయల్దేరాడు. థర్జా మోకాళ్ల మీద వంగి గడప కడిగి, తెల్లరాయితో రుద్దుతోంది.

"తడారేదాకా ఎవరూ తొక్కొద్దు. వినబడిందా?"

"గాల్లో ఎగిరి వెళ్తాలెండి, అత్తయ్యా" అంది హెస్టర్, ద్వారబంధం వైపు చూడకుండా.

చూస్తే అక్కడ చెయ్యి ఉంటుంది. నల్లటి అరచేతి అచ్చు, విడివడిన వేళ్లతో. మనిషి బయట నిలబడి లోపలికి వంగితే చెయ్యి ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడ. కిందటేడు గని కప్పు కూలి చనిపోయిన మరిది కత్బర్ట్ అక్కడే చెయ్యి ఆనించేవాడు. హెస్టర్ సున్నం కొడుతుంది. తెల్లారేసరికి మళ్లీ తేలుతుంది. పిల్లి అడుగు పడితే వీధంతా లేపే థర్జా, ఆ ఒక్క మసిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. హెస్టర్‌ని అదే ఎక్కువ భయపెట్టింది.

ఆమె కడుపుతో ఉంది. ఆ చెయ్యి ఉన్న ఇంట్లో బిడ్డని కననని రాబ్‌తో తేల్చి చెప్పేసింది. సాయంత్రం ఇద్దరూ సండర్లాండులో హెస్టర్ అక్క ఇంటికి వెళ్లిపోవాలని మాట. అత్తగారికి ఇంకా చెప్పలేదు. వెళ్లేముందు చివరిసారి ఆ చెయ్యి కనబడకుండా చేద్దామని పెరట్లో సున్నం కలిపి బకెట్‌తో లోపలికొచ్చింది.

థర్జా పొయ్యి పొగగూట్లోంచి చెయ్యి బయటికి తీస్తోంది. మణికట్టు దాకా నలుపు. ఆ చేతిని ద్వారబంధానికి మెల్లగా, నిద్రపోతున్న పిల్లాడి వీపు మీద వేసినట్టు, ఆనించింది.

"మీరా?" అంది హెస్టర్. "ఇన్నాళ్లూ మీరేనా? కళ్లు మూస్తే ఆ చెయ్యి నా పొట్ట మీద పడుతున్నట్టుండేది. దెయ్యమని వణికి చచ్చాను కదా!"

"అడుగున ఉన్నది కత్బర్ట్‌దే. నువ్వు సున్నం కొడుతుంటే వాడు మాసిపోతున్నాడు. అందుకే..."

"బతికున్నవాళ్ల సంగతేంటి? ఈ సాయంత్రమే వెళ్లిపోతున్నాం. రాబ్ కూడా."

"వాణ్ణి కూడా తీసుకుపోతావా?"

అంతలో సందులో బూట్ల చప్పుడు. దగ్గరికొచ్చి గుమ్మం బయట ఆగింది. ఎవరూ లోపలికి రాలేదు. థర్జా మొహం సున్నంలా పాలిపోయింది.

"అమ్మా! నీళ్ల డబ్బా మర్చిపోయా. అక్కణ్ణించే అందించు. గడప తొక్కన్లే."

రాబే. హెస్టర్ గుండె కుదుటపడింది. కానీ ఇంటి నుంచి పనికి బయల్దేరినవాడు వెనక్కొస్తే ఆ రోజు గనిలోకి దిగకూడదని ఆ ఊళ్లో ప్రతి తల్లికీ తెలుసు. ఏదో ఒకటి చెప్పి అతన్ని ఆపాలని హెస్టర్ నోరు తెరిచింది. ఈలోపే థర్జా వెళ్లి కొడుకు చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. తెల్లటి గడప మీద రెండు బూట్లూ అచ్చుపడ్డాయి.

"అయ్యో, గడప అమ్మా!" అన్నాడు రాబ్.

"కాలో చెయ్యరా! ఇల్లంతా చెయ్యి! ఇవాళ పనికి పోవద్దు."

"ఏమైందే?" అన్నాడు రాబ్ భార్య వైపు తిరిగి. హెస్టర్ బకెట్ కింద పెట్టింది. అత్తగారి మసిచెయ్యి మొగుడి చొక్కాని వదల్లేదు.

"నీ తమ్ముడు కూడా గని కూలిన రోజు వెనక్కొచ్చాడు" అంది థర్జా. "మీకెవరికీ చెప్పలేదు. నీళ్ల డబ్బా కోసమే. బూట్లు అరచేత్తో తుడుచుకున్నాడు, లోపలికి రానిస్తానేమోనని. ఇవాళ ఉండిపోనా అమ్మా అని కూడా అడిగాడు. గడప తడిగా ఉంది, కాలో చేస్తావు, పో అన్నాను. ద్వారబంధం పట్టుకుని వంగి, డబ్బా అందుకుని వెళ్లిపోయాడు."

హెస్టర్ వెళ్లి అత్తగారి నల్లటి చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"తప్పు నాది" అంది థర్జా. "నాదేరా."