ఏడో టేక్

మంగళవారం సాయంత్రం 4:20.

మొయినాబాద్ నుంచి చిల్కూరు వెళ్లే దారిలో, జామతోట వెనక ఒక ఫామ్‌హౌస్. అందులో రికార్డింగ్ గది తలుపు తెరుచుకుంది.

మైకు ముందు కుర్చీలో ముకుందం కూర్చునే ఉన్నాడు. తల పక్కకు వాలింది. కళ్లద్దాలు ఒళ్లో పడ్డాయి. ఎడమచేతిలో స్క్రిప్టు కాగితం నలిగిపోయి ఉంది.

అరవై ఆరేళ్ల మనిషి. నలభై ఏళ్లు నాటకాలకు గొంతు అరువిచ్చాడు. చేవెళ్ల దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు. గుండెపోటు అని డాక్టర్ రాశాడు. ఒంటి మీద గాయం లేదు. గదిలో పెనుగులాట లేదు. అనుమానించడానికి ఏమీ లేదు.

ఒక్కటి తప్ప.

రికార్డర్‌లో మెమరీ కార్డు లేదు.

* * *

శుక్రవారం ఉదయం 10:15. పోలీస్ స్టేషన్‌లో ఎస్సై సమత ముందు ముకుందం భార్య కౌసల్యమ్మ కూర్చుంది.

"కార్డంటే ఏందో నాకు తెల్వది బిడ్డా. గోరంత ఉంటదట. దాంట్ల ఆయన గొంతున్నదట. అది కావాలె."

"పాత రికార్డింగులు మస్తుంటయి కదమ్మా?"

"ఉన్నయి. రాజులవి, దొరలవి, దేవుళ్లవి. నాకు మంగళారం నాటి మనిషి గొంతు కావాలె. నేను చాయ్ పోసేసరికే బండెక్కి పోయిండు. ముప్పై ఎనిమిదేండ్ల కాపురం. పోయొస్త అని సుత చెప్పలే."

ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. సమత నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. కౌసల్యమ్మ ముట్టుకోలేదు.

"ఏడుపొస్తలేదు బిడ్డా. మూడొద్దులాయె. ఆ గొంతు ఇంటె వస్తదేమో."

జాలి పడాల్సిన చోటు అది. సమతకు ఏమీ అనిపించలేదు. రెండేళ్లుగా హైవే మీద పంచనామాలు రాసీ రాసీ లోపల ఎక్కడో మొద్దుబారిపోయింది. అన్నం రుచి కూడా తెలియడం లేదు. పిటిషన్ తీసుకుని టోపీ పెట్టుకుంది.

"దొరకబట్టి తెస్తనమ్మా."

* * *

10:50. ఫామ్‌హౌస్.

ఇక్కడ పది రోజుల ఆడియో డ్రామా వర్క్‌షాప్ నడుస్తోంది. నాటకం రాయడం, గొంతుతో నటించడం, శబ్దాలు పుట్టించడం, రికార్డు చేయడం అన్నీ నేర్పుతారు. ముకుందమే గురువు. మంగళవారం మధ్యాహ్నం ఎక్కువమంది విద్యార్థులు చేవెళ్ల కూరగాయల మార్కెట్‌కు వెళ్లారు, బేరాల రొద రికార్డు చేసుకోవడానికి. ఇక్కడ మిగిలింది ముకుందం కాక నలుగురే.

శశిధర్. ఫామ్‌హౌస్ వాళ్లదే. వర్క్‌షాప్ నడిపేదీ అతనే.

రిషి. శంకర్‌పల్లి కుర్రాడు. మాజీ సర్పంచ్ కొడుకు. ముఖ్యపాత్రలన్నీ తనకే రావాలనుకుంటాడు.

అనూహ్య. షాబాద్‌లో కిరాణా దుకాణం వాళ్ల అమ్మాయి. ఆ రోజు రికార్డు చేసిన నాటకం ఆమె రాసిందే.

వంట చేసే రామమ్మ.

సమత ముందుగా రికార్డింగ్ గది చూసింది. పూర్వం ధాన్యం పోసుకున్న కొట్టు. కిటికీ లేదు. గోడలన్నిటికీ గొంగళ్లు, బొంతలు మేకులు కొట్టి వేలాడదీశారు. తలుపుకు పాత పరుపు. బయటి శబ్దం లోపలికి రాదు. లోపలి మనిషి బయటికి కనిపించడు. తలుపు బయట రికార్డర్ బల్ల. అక్కడ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకు వినిపిస్తాడంతే. ఆ బల్ల పక్కనే గోడకు రెండు స్విచ్‌లు. ఒకటి ఎర్రలైటుది. రెండోది లోపలి ఫ్యాన్‌ది.

పైన ఒక అట్ట. ముకుందం చేతిరాత.

'ఫోన్లు బియ్యం డబ్బాల. ఫ్యాన్ బంద్. ఎర్రలైటు వెలిగితే తలుపు తియ్యొద్దు. నేను చాలు అనేదాకా రికార్డింగ్ ఆపొద్దు.'

"మేడం! వాన!"

హెడ్ కానిస్టేబుల్ మల్లప్ప. యాభై రెండేళ్లు. మూలన ఉన్న చాటలో కందిపప్పు పోసి ఉంది. దాన్ని మెల్లగా అటూ ఇటూ వంచుతున్నాడు. నిజంగానే పెంకుల మీద వాన పడుతున్నట్టుంది. మల్లప్ప ముఖం వెలిగిపోయింది.

"చూసిన్రా? మా ఇంటిదానికి చూపెట్టాలె. కానీ నడుమ నడుమ టిక్కుమంటున్నది. పప్పుల రాళ్లున్నట్టున్నయి."

"పెట్టెయ్ మల్లప్పా. డ్యూటీల ఉన్నం."

* * *

11:20. శశిధర్.

"రికార్డింగ్ ఎన్నింటికి ఆపిన్రు?"

"మూడున్నరకు మేడం. ఆరు టేకులు. లాగ్ షీట్ మీద రాసిన."

"కార్డు?"

"రికార్డర్‌లనే ఉన్నది. రోజూ రాత్రి లాప్‌టాప్‌లకు ఎక్కిస్తం. ఆ రోజు ఎక్కియ్యలే."

"తర్వాత?"

"సార్ పది నిమిషాలు ఇక్కడనే కూసుంట అన్నడు. నేను సమోసలకు, బ్యాటరీలకు మొయినాబాద్ పోయిన. తిరిగొచ్చేసరికి నాలుగిరవై. గది తలుపు వేసే ఉన్నది. తియ్యంగనే పొయ్యి మీదికి వంగినట్టు సెగ కొట్టింది. ఫ్యాన్ వేసి లోపటికి పోయిన. సార్... గట్లున్నడు."

"ఆయన ఆఖరి రికార్డింగ్ అని ఆన్‌లైన్‌ల పెడితే లక్షలమంది ఇంటరు. కౌసల్యమ్మ ఒప్పుకోలేదట?"

శశిధర్ ముఖం ఎర్రబడింది. "అడిగిన మాట నిజమే. దొంగతనం చేసేంత దిగజారలే మేడం."

11:40. రిషి.

"ఆయన నిన్ను అందరి ముందు తిట్టిండట?"

"'ఇది మైకు నాయనా, మీ బాపు ఎలక్షన్ మీటింగ్ కాదు' అన్నడు. నవ్వుతనే అన్నడు. నేనూ నవ్విన."

"ఆ తిట్లు కార్డుల ఉన్నయి."

"ఉంటే ఉండనియ్యి మేడం. ఆరో టేక్ కాంగనే శశన్న ఫ్యాన్ వేసిండు. సార్ 'అబ్బా, పానం లేచొచ్చింది' అన్నడు. నేను ఇన్న ఆఖరి మాట అదే. ఇంకేం గుర్తు పెట్టుకుంట?"

"మూడున్నర నుంచి నాలుగిరవై దాకా?"

"వెనకాల కొబ్బరిచిప్పలతోటి గుర్రం నడక ప్రాక్టీస్ చేసిన. రామవ్వనడుగున్రి."

రామమ్మ మామిడికాయ ముక్కలు కోస్తూనే తల పట్టుకుంది. "గుర్రం, గుర్రం, గుర్రం! ఆ పోరని చిప్పలు గుంజుకుని పొయ్యిల పెడదామనుకున్న. ఒక్క నిమిషం ఆపితే ఒట్టు!"

11:55. అనూహ్య.

ఇరవై రెండేళ్లుంటాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఆ టైంల ఎక్కడున్నవు?"

"ముందటి అరుగు మీద పండుకున్న."

"ఎవరన్న చూసిన్రా?"

"తెల్వదు."

"సార్ పోయిండని తెలిసినంక ఏడ్చినవా?"

"లేదు మేడం."

గొంతులో ఎత్తుపల్లాలు లేవు. రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్‌లా ఉంది. ఆ గొంతు సమతకు బాగా తెలుసు. తను ఇంట్లో మాట్లాడేది అలాగే.

* * *

12:40. మొయినాబాద్ బేకరీ సీసీటీవీలో శశిధర్ దొరికాడు. 3:46కు సమోసాలు లెక్కపెట్టించుకుంటున్నాడు. ఒకటి చితికిందని మార్పించుకున్నాడు కూడా.

రిషికి రామమ్మ సాక్ష్యం. రామమ్మకు రిషి గుర్రం సాక్ష్యం.

1:30. సమత మళ్లీ రికార్డింగ్ గదిలోకి వచ్చింది. ముకుందం కుర్చీ ఎదురుగా నిలబడింది. రామమ్మ ఇచ్చిన జామకాయ కొరికింది. ఉప్పు, కారం అద్ది మరీ ఇచ్చింది. నాలుకకు ఏదీ తగల్లేదు.

తల మీద ఫ్యాన్ ఆగిపోయింది.

తెరిచి ఉన్న తలుపు బయటి నుంచి మల్లప్ప గొంతు. "మేడం, ఒక్కసారి ఏదన్న మాట్లాడున్రి! ఈ హెడ్‌ఫోన్ల ఎట్ల ఇనొస్తదో చూస్త!"

"ఫ్యాన్ ఎందుకు బంద్ చేసినవు?"

"అట్ట మీద రాసుంది కద మేడం. రికార్డింగప్పుడు బంద్ చెయ్యాలని."

చెమట చెవి వెనక నుంచి మెడ మీదికి జారింది. సమత నమలడం ఆపేసింది.

"మల్లప్పా. మంగళవారం కరెంటు పోయిందేమో కనుక్కో."

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "పోలేదు మేడం. పోయినా ఇన్వర్టర్ ఉన్నదట."

"కౌసల్యమ్మను జీపుల తీసుకురా. అందర్నీ ఈ గదిల కూసోబెట్టు."

* * *

3:30.

గదిలో సమత ఎదుట ఐదుగురు. శశిధర్, రిషి, అనూహ్య, రామమ్మ, మధ్యలో ముకుందం కుర్చీలో కౌసల్యమ్మ. బయట నలభై ఒక్క డిగ్రీల ఎండ.

సమత తలుపు మూసింది. బయట మల్లప్ప ఫ్యాన్ ఆపాడు.

ఒక నిమిషం. రిషి కాలర్ గుంజుకున్నాడు. రెండు నిమిషాలు. రామమ్మ కొంగుతో విసురుకుంది. మూడో నిమిషంలో శశిధర్ లేచాడు.

"మేడం, ఫ్యాన్ వేయించున్రి. ఈ ఉడుకుల ఎట్ల కూసుంటరు?"

"అదే నేను అడుగుతున్న. ముకుందం సార్ ఎట్ల కూసున్నడు?"

"అర్థం కాలే."

"మూడున్నరకు మీరు ఫ్యాన్ వేసిన్రు. 'పానం లేచొచ్చింది' అన్నడు. రిషి విన్నడు. నాలుగిరవైకి మీరు తలుపు తీస్తే సెగ కొట్టింది. ఫ్యాన్ మళ్లీ వేసిన్రు. అంటే అప్పటికి బంద్ ఉన్నది. కరెంటు పోలేదు. స్విచ్ బయట ఉన్నది. లోపల ఉన్న మనిషి ఆపలేడు. మరి నడుమ ఎవరు బంద్ చేసిన్రు?"

శశిధర్ మెల్లగా కూర్చున్నాడు.

"ఈ ఎండల ఫ్యాన్ ఎందుకు బంద్ చేస్తరు? ఈ ఇంట్ల ఒక్క పనికే. లాగ్ షీట్‌ల ఆరు టేకులే ఉన్నయి. ఏడోది ఒకటున్నది. సార్ పోయింది ఆ టేకుల. అప్పుడు బయట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకరున్నరు. శశిధర్ బేకరీల ఉన్నడు. రిషి చిప్పలు కొడుతున్నడు. రామమ్మ ఆ చప్పుడుకు తల పట్టుకున్నది."

అందరి చూపులూ ఒకవైపే తిరిగాయి.

సమత మూలనున్న చాట తీసుకుంది. ఒకవైపు వంచింది. వాన కురిసింది. టిక్. వేళ్లతో పప్పు కెలికింది. రాయి దొరకలేదు. గోరంత నల్లటి కార్డు దొరికింది.

"చెప్పు అనూహ్యా."

అనూహ్య నేల చూస్తూనే మాట్లాడింది.

"నేనే అడిగిన. 'సార్, ఆరు టేకులల్ల సావు సీను కథ చదివినట్టున్నది గానీ సచ్చిపోయినట్టు లేదు' అన్న. నవ్విండు. 'సరే బిడ్డా, నీ కోసం ఇంకోసారి సస్త' అన్నడు."

రామమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎర్రలైటు వేసిన. ఫ్యాన్ బంద్ చేసిన. నేను ఒక్కదాన్నే రికార్డు చేసుడు అదే మొదటిసారి. ఈసారి మస్తు వచ్చింది మేడం. ఊపిరి ఎగపోస్తున్నడు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఎంత బాగ చేస్తున్నడు అనుకున్న. నడుమ స్క్రిప్టుల లేని మాట కలిపిండు, పేరు సుత తప్పు చెప్పిండు. స్క్రిప్టుల భార్య పేరు కన్యక. సార్ కౌసల్యా అన్నడు. పెన్సిల్‌తోటి రాసుకున్న. 'పేరు తప్పు, మళ్ల చెప్పించాలె' అని."

అనూహ్య వెనక్కి జరిగి బొంతకు ఆనుకుంది.

"తర్వాత సప్పుడు లేదు. చాలు అంటడని చూసిన. ఆయన అనేదాకా ఆపొద్దు కద. నాలుగు నిమిషాలు చూసిన. తలుపు తీస్తే... ముట్టుకున్న. పిలిచిన. నాకు ఏం అనిపించలే మేడం. కార్డు తీసి పప్పుల పెట్టి, పోయి అరుగు మీద పండుకున్న. ఎందుకో తెల్వదు."

"తలుపు తీస్తే బతికేటోడు!" రిషి గొంతు పెద్దదైంది. ఈసారి అది నటన కాదు.

"డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగిన," అంది సమత. "చెప్పలేను అన్నడు. బతకొచ్చు, బతకకపోవచ్చు. నువ్వూ నేనూ చెప్పలేం రిషీ."

కౌసల్యమ్మ చెయ్యి చాచింది.

"పెట్టు బిడ్డా. ఇంట."

* * *

3:52. మల్లప్ప తలుపు బార్లా తెరిచాడు. శశిధర్ కార్డు పెట్టి స్పీకర్ కలిపాడు. ఫ్యాన్ వేయాలని ఎవరికీ తోచలేదు.

ఏడో ఫైల్.

ముందు తలుపు దగ్గర నుంచి అనూహ్య గొంతు, హుషారుగా. "టేక్ ఏడు!" తర్వాత ముకుందం. రెండు వాక్యాలు స్క్రిప్టు ప్రకారమే. మూడో వాక్యం మధ్యలో విరిగింది. ఊపిరి. గురక లాంటి ఊపిరి. కాగితం నలిగిన చప్పుడు.

తర్వాత చాలా మామూలుగా, ఇంట్లో పక్క గదిలోకి వినపడేలా పిలిచినట్టు ఒక మాట.

"కౌసల్యా... జర ఫ్యాన్ వెయ్యి."

అంతే. తర్వాత నాలుగు నిమిషాల నిశ్శబ్దం. శశిధర్ ఆపబోయాడు. కౌసల్యమ్మ వద్దని తల ఊపింది. చివరిదాకా విన్నది. ఆఖర్న తలుపు తెరుచుకుంది. "సార్?" అన్న గొంతు. ఫైల్ ఆగిపోయింది.

కౌసల్యమ్మ లేచింది. మోకాళ్ల మీద చేతులాన్చి, మెల్లగా. గడప దాటింది. బయట బల్ల దగ్గర రెండు స్విచ్‌ల ముందు ఆగింది. మల్లప్ప రెండోది చూపించాడు.

వేసింది.

తల మీద ఫ్యాన్ కిర్రుమని కదిలింది. స్క్రిప్టు కాగితాలు లేచి గది నిండా పడ్డాయి. సమత మెడ మీది చెమటకు గాలి తగిలింది. నాలుక మీద ఉప్పు తెలిసింది. జామకాయ తిని రెండు గంటలు దాటింది. చెయ్యెత్తి చెంప తుడుచుకున్నాక తెలిసింది, అది జామకాయది కాదని.

కౌసల్యమ్మ తిరిగి వచ్చింది. మూలన బొంతకు అంటుకుపోయి కూర్చున్న అనూహ్యను చూసింది. చాలాసేపు చూసింది. కౌసల్యమ్మ కళ్లు అప్పటికే తడిసిపోయాయి.

"జర ఇటు జరిగి కూసో బిడ్డా," అంది. "ఆడ నీకు గాలొస్తలేదు."