డ్రైవర్ గారూ, మళ్ళీ ఆగారా!

ఆ మనిషి కళ్ళార్పకుండా తన వంకే చూస్తున్నాడని ఆమెకు గాలిమర దగ్గరే అనుమానం వచ్చింది.

హైవే పక్కన కొత్తగా నాటిన గోధుమరంగు బోర్డు కింద, మోటార్ సైకిలుకు ఆనుకుని నిలబడ్డాడు. కారు మలుపు తిరిగింది మొదలు ఆగేదాకా చూశాడు. ఆగగానే నవ్వాడు. అదీ ఎలాంటి నవ్వు! ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న చుట్టం గుమ్మంలో దిగినట్టు.

ఆమె దిగి, వెనక డోరు తీసి, నాన్న చెయ్యి పట్టుకుని దించింది. ఆయనకు ఈమధ్యే మోకాలి ఆపరేషన్ అయింది. కాలు చాపుకోవాలి గనక వెనక సీటు ముప్పాతిక భాగం ఆయనదే. మిగిలిన మూల అమ్మది. ముందు సీట్లో సూట్‌కేసులు. స్టీరింగ్ దగ్గర, షాపుకు వేసుకునే తెల్ల చొక్కా, నల్ల ప్యాంటులో ఆమె. కారు అద్దెది.

అమ్మానాన్నలు గాలిమర వైపు నడవగానే అతను దగ్గరికొచ్చాడు.

"థాంక్సండీ."

"దేనికి?"

"ఆగినందుకు. పొద్దున్నించి అందరూ రయ్యిన పోతున్నారు. మీదే బోణీ."

"ఈ గాలిమర మీదా?"

"గాలిమర ఎవరిదో నాకు తెలీదండీ. బోర్డు మాత్రం నాది."

ఈ దారి పొడుగునా చూడదగ్గ వింతలు చాలా ఉన్నాయట. ఎవరూ ఆగరట. అందుకని పర్యాటక శాఖవాళ్ళు అతని వర్క్‌షాపు చేత నాలుగు బోర్డులు పెట్టించారు. ఈ సెలవుల్లో కార్లు ఆగితే దారంతా బోర్డులు పెట్టే పని అతనికే. బోర్డు నుంచి బోర్డుకి బండి మీద తిరుగుతూ ఎవరు చదువుతున్నారో, ఎవరు స్లో చేస్తున్నారో చూడ్డం అతని పని.

"చూడకపోతే తెలీదు. చూస్తే తంటా. మొన్న ఒకావిడ ఎందుకలా చూస్తున్నావని ఆగి మరీ తిట్టింది."

"తిట్టడానికైనా ఆగింది కదా."

"అది లెక్కలోకి రాదన్నారండీ."

అంటే కారుని చూశాడన్నమాట, తనని కాదు. హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణమే మనసు చిన్నబోయింది. ఎందుకు చిన్నబోయిందో మాత్రం అంతు పట్టలేదు.

"పార్టీ ఎంతదూరమండీ?" అన్నాడతను.

"పార్టీ ఏమిటి?"

"అదే, మీ కారెక్కినవాళ్ళు. పెద్దవాళ్ళు, మర్యాదస్తుల్లాగే ఉన్నారు. మీకు భోజనం అదీ పెట్టిస్తున్నారా?"

ఆమె తన తెల్ల చొక్కా వంక, నల్ల ప్యాంటు వంక చూసుకుంది. నవ్వు పొంగుకొచ్చింది. దాన్ని పెదాల వెనకే ఆపేసింది.

"ఆయన మంచివారే. ఆవిడే కాస్త నస."

"ప్రతి పార్టీలోనూ ఒకళ్ళుంటారు లెండి" అని ఓదార్చాడు.

కారు బయల్దేరగానే ఆ నస మొదలైంది. "ఎవరే ఆ అబ్బాయి? ఏమిటా ఇకఇకలు?"

"దారి అడిగాడమ్మా."

"బోర్డు కింద నిలబడ్డవాడికి దారి తెలీదా?"

ఆమె గేరు మార్చింది.

సాయంత్రానికి మేనత్త ఇల్లు చేరాలి. అక్కడికి పెళ్ళిచూపులకని పళ్ళ డాక్టరూ, అతని తల్లిదండ్రులూ వస్తారు. ఫోన్లో అతనితో మాట్లాడింది కూడా. ఫొటోలో పలువరస బాగుంది, మాటా తీరుగానే ఉంది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నచ్చాడా అని అత్త అడిగితే, ఏం చెప్పాలో తోచక "సరే చూద్దాం" అంది. ఆ 'సరే' ఒక్కటే అత్తకు వినిపించింది.

ఆమెది కళ్ళద్దాల షాపులో కంటి పరీక్షలు చేసే ఉద్యోగం. రోజంతా జనం కళ్ళముందు అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతుంది. కొందరు బిక్కమొహం వేసి, "రెండూ ఒకలాగే ఉన్నాయండీ" అంటారు. ఆ మాత్రం చెప్పలేరా అని లోపల్లోపల విసుక్కునేది. ఇప్పుడు తనకే ఆ గతి పట్టింది.

"అరె, గడియారాల మ్యూజియమట! తిప్పమ్మా" అన్నాడు నాన్న.

లోపల గోడల నిండా గడియారాలు. ఒకటి చూపించిన టైము ఇంకొకటి చూపించదు. "ఇందులో దేన్ని చూసినా మనకి ఆలస్యమే" అని అమ్మ సణిగి, ఓ మూల నిలబడి ఫోన్ తీసింది. "వాళ్ళొచ్చేసరికి చేరిపోతాం వదినా. అమ్మాయిదేముంది, మన మాట కాదంటుందా!"

బయట మోటార్ సైకిలు పక్కన అతను చెయ్యూపాడు. "డ్రైవర్ గారూ! మళ్ళీ ఆగారా!"

"మీ బోర్డు లాగేసింది."

అతని మొహం వెలిగిపోయింది. వెంటనే గొంతు తగ్గించాడు. "లోపల ఆవిడ ఫోన్లో అంటుంటే చెవిన పడింది. వీళ్ళమ్మాయికి సంబంధమా? అమ్మాయి ఆ ఊళ్ళోనే ఉందా?"

"సాయంత్రానికి ఉండాలి."

"ఆ అమ్మాయికి ఇష్టమేనా?"

ఈ ప్రశ్న ఇంతవరకు ఇంత తిన్నగా ఎవరూ అడగలేదు.

"ఏమో. ఆ అమ్మాయికే తెలీదనుకుంటా."

"తెలీకపోవడమేంటండీ? ఆకలేస్తోందా అంటే తెలీదంటామా?"

"కొందరికి తెలీదు. అబ్బాయి మంచివాడు. తప్పు పట్టడానికేం లేదు."

"ఏ మలుపూ లేని రోడ్డు మీదే అందరూ కునుకు తీసేది" అని, మళ్ళీ తనే నాలుక్కరుచుకున్నాడు. "మనకెందుకు లెండి. మీరు మాత్రం ఆ అమ్మాయితో ఏమీ అనకండి."

"అనను" అంది ఆమె. అతనితో చెప్పిన మొదటి అబద్ధం అదే అనిపించింది. ఎందుకంటే ఆ అమ్మాయితో లోపల తను మాట్లాడుతూనే ఉంది. ఆ అమ్మాయే బదులు పలకడం లేదు.

మూడోచోట ఆపమని ఎవరూ అనలేదు. దూరంగా మోటార్ సైకిలు కనబడింది. ఆమె చెయ్యి తనంతట తనే ఇండికేటర్ వేసేసింది. కారు దిగేసరికి చినుకులు మొదలయ్యాయి.

అది తలకిందుల ఇల్లు. కప్పుకి మంచం, మంచం మీద దిండు, వేలాడుతున్న కుర్చీలు, కుర్చీల మధ్య బల్ల మీద టీ కప్పులు. అమ్మానాన్నలు పై గది చూడ్డానికి కిందికి దిగారు. ఆ ఇంట్లో అంతే. ఆమె కిటికీలోంచి వాన చూస్తుంటే అతను తల తుడుచుకుంటూ వచ్చాడు.

"డ్రైవర్ గారూ, మబ్బులో కూడా బోర్డు కనబడిందా?"

"భేషుగ్గా."

"అక్షరాలు?"

"చక్కగా ఉన్నాయి. కంటి పరీక్ష చార్టులో పై వరసంత."

"రంగు?"

"గోధుమరంగు. అన్నీ అదేగా."

అతను తల తుడుచుకోవడం ఆపేశాడు. "దీనికి మాత్రం నీలం వేశామండీ. తేడా చూద్దామని."

ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

"మరి ఎందుకాగారు?"

"వానొచ్చింది కదా."

"వానకి ముందే ఇండికేటర్ వేశారు. నేను చూశాను."

"అన్నిటికీ కారణాలుండాలా? మీరేం పోలీసా?"

అతను మొహం దించుకున్నాడు. ఆమెకు తన కోపం ఎవరి మీదో తెలియలేదు. మళ్ళీ అతనే అన్నాడు. "పార్టీని దింపేశాక ఈ దారినే వెనక్కి వస్తారా?"

"కారు వస్తుంది." ఆమె కప్పుకి వేలాడే కుర్చీల వంక చూసింది. "నడిపే మనిషి ఇలాగే వస్తుందో లేదో చెప్పలేను."

అతనికి అర్థం కాలేదు. ఆ మాటకొస్తే ఆమెకూ కాలేదు.

వాన తగ్గాక కారు బయల్దేరింది. అమ్మ కిటికీకి తలవాల్చి నిద్రపోయింది. నాన్న మెల్లిగా అన్నాడు. "ఆ బోర్డులబ్బాయి నన్ను పట్టుకున్నాడమ్మా. మీ డ్రైవర్ ఎంత జాగ్రత్తగా నడుపుతున్నారు సార్ అని."

ఆమె అద్దంలోంచి ఆయన్ని చూసింది. "మీరేమన్నారు?"

"చిన్నప్పట్నించీ మా దగ్గరే ఉంది, నమ్మకస్తురాలు అన్నాను."

"నాన్నా!"

"నీ ఆట నేనెందుకు చెడగొట్టడమని." కాలు సర్దుకున్నాడు. "నాకు గడియారాల పిచ్చి ఉందనుకున్నావా? పొద్దున్నించి అద్దంలో నీ మొహం చూస్తున్నాను. ఏమైనా చెబుతావేమో, కాస్త వ్యవధి ఇద్దామని ఆపించాను."

"ఏం చెప్పాలో తెలీట్లేదు నాన్నా."

"తెలీనప్పుడు తెలీదనే చెప్పు తల్లీ. సరే అనకు."

నాలుగోది వేలాడే వంతెన. దాని పక్కనే హైవే రెండుగా చీలుతుంది. ఎడమకు తిరిగితే అత్తయ్య ఊరు. కింద ఏరు వాననీళ్ళతో ఎర్రగా పరుగెడుతోంది. ఈసారి అతను చెయ్యూపలేదు. ఆమె దిగి దగ్గరికి వెళ్ళింది.

"నాలుగుచోట్లా ఆగిన కారు మీదొక్కటే. పై వాళ్ళకి ఏమని చెప్పాలో..." అని నసిగాడు.

వెనక డోరు తెరుచుకుంది. అమ్మ ఫోన్ చాపి కేకేసింది. "అమ్మాయ్! మీ అత్తయ్యే. డాక్టరు వాళ్ళు బయల్దేరుతున్నారట. నీతోనే మాట్లాడుతుందట!"

అతను అమ్మని చూశాడు. నాన్నని చూశాడు. ఆమెని చూశాడు.

"అంటే... సంబంధం... ఆ అమ్మాయి..."

"నేనే."

"మరి పార్టీ? భోజనం? ఆవిడ నస?"

"మా అమ్మే. మెల్లిగా అనండి."

అతను తలపట్టుకుని, మోటార్ సైకిలు పడిపోకుండా దాన్నీ పట్టుకున్నాడు.

ఆమె వెళ్ళి ఫోన్ తీసుకుంది. ఎడమవైపు రోడ్డు తడిసి నల్లగా మెరుస్తోంది. ఒక్క మాట చాలు, అది నేరుగా అత్త గుమ్మంలోకి తీసుకెళ్ళిపోతుంది.

"అత్తయ్యా, మేం వస్తున్నాం. వాళ్ళని మాత్రం బయల్దేరనివ్వకండి. ఆయనకి ఇప్పుడే నేను ఫోన్ చేసి చెబుతాను... లేదత్తయ్యా, ఆయన తప్పేం లేదు. ముందే కాదనాల్సింది, తప్పు నాదే... ఇంకెవరైనా ఉన్నారా అంటే..." ఆమె మోటార్ సైకిలు వైపు చూసి, చటుక్కున చూపు తిప్పేసుకుంది. "తెలీదత్తయ్యా. నిజంగానే తెలీదు."

పళ్ళ డాక్టరుకు తనే ఫోన్ చేసి చెప్పింది. "ఇంటికొచ్చాక చెప్పడం కంటే ఇదే నయమండీ" అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. గుండె మీంచి సూట్‌కేసులు దించినట్టుంది.

అమ్మ నోరు తెరిచి, నాన్న మొహం చూసి, మూసేసుకుంది.

ఆమె అతని దగ్గరికి తిరిగొచ్చింది. "మొదటిచోట మీ బోర్డు చదివే ఆగాను. రెండోచోట నాన్న ఆపమన్నారు. తర్వాత రెండుచోట్ల బోర్డే చూడలేదు."

"మరేం చూశారు?"

"మోటార్ సైకిలు."

అర్థం కావడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. అయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. "నా లెక్కంతా పాడుచేశారండీ."

"బాధగా ఉందా?"

"ఉండాలి. లేదేమిటో!"

"ఎల్లుండి ఇటే వస్తాం. నేనే నడుపుతాను" అంది ఆమె.

అమ్మకు ఇక ఓపిక నశించింది. కారు దిగి, కొంగు సర్దుకుని, గబగబా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "పొద్దున్నించీ చూస్తున్నాను. ఎక్కడ దిగితే అక్కడ నువ్వే. ఇంతకీ ఎవరు బాబూ నువ్వు?"

అతను ఆమె వంక చూశాడు. ఆమె ఏటి వంక చూసింది.

"అదేనండీ" అన్నాడతను, అమ్మకు నమస్కారం పెడుతూ. "నేనెవరో మధ్యాహ్నం దాకా నాకు బాగానే తెలుసు."