ఇంటాయన వస్తారా?

ఆ వీధి చివరి మేడని చీకటి పడ్డాక ఎవరూ వేలు పెట్టి చూపించరు. చూపించక తప్పకపోతే గడ్డం అటు తిప్పి ఊరుకుంటారు. పగలంతా దాని ప్రహరీ మీద గెంతే పిల్లలు కూడా వీధి దీపాలు వెలిగే వేళకి ఎవరి గుమ్మంలోకి వాళ్ళు జారుకుంటారు.

కారణం లోపలి చప్పుడు. టక్... టక్... టక్. మూడు దెబ్బలు. కాసేపు ఆగి మళ్ళీ మూడు. ఎవరో గోడకి మేకు కొడుతున్నట్టు. పన్నెండేళ్ళుగా ఎవరి కాపురమూ కుదురుకోని ఇంట్లో మేకు కొట్టి తగిలించేది ఏముంటుంది?

మధ్యలో నలుగురు అద్దెకి దిగకపోలేదు. ముందు గది గోడకి ఒకే ఒక్క మేకు ఉంది. ఒకాయన అది తనకి అడ్డమని పట్టకారుతో లాగి వీధిలో పారేశాడట. తెల్లారి లేచి చూస్తే అదే చోట, అదే మేకు. మధ్యాహ్నానికి సామాను బండెక్కించాడు. మిగిలినవాళ్ళు ఆ పాటి సాహసం కూడా చెయ్యలేదు.

ఎవరో ఆడమనిషి మెట్ల మీంచి పడిందనీ, అప్పటికి ఆ మెట్లకి పిట్టగోడ కట్టలేదనీ అంటారు. ఎవరు, ఏమిటి అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. అది అద్దెల వీధి. మనుషులే రెండేళ్ళకోసారి మారిపోతుంటే దెయ్యం పుట్టుపూర్వోత్తరాలు ఎవరికి గుర్తుంటాయి?

ఈ సంగతంతా ఆ మేడని అద్దెకిప్పిస్తానని పూనుకున్న బ్రోకరు నోటి నుంచి విన్నదే. నడుముకి గుత్తి వేలాడేసుకుని తిరుగుతాడని ఆయన్ని తాళాలాయన అంటారు. గిరాకీ లేని ఇంటికి జనం పెట్టుకున్న ముద్దుపేరు దెయ్యం అని ఆయన అభిప్రాయం.

ఆయన వృత్తికి ఒకటే సూత్రం. ఓనర్నీ పార్టీనీ ఎదురెదురు పడనివ్వకూడదు. పడ్డారా, వాళ్ళూ వాళ్ళూ ఒకటై మధ్యవాణ్ణి కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడతారు. అందుకే ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఓనరు సంగతి ఎత్తితే చాలు, ఆయన నోట్లోంచి ఒకటే జవాబు వచ్చేది — ఆయన ఇటు రారండీ, ఏదైనా నాతోనే. ఇరవై ఏళ్ళుగా చెప్పీ చెప్పీ, నిద్దట్లో అడిగినా అదే చెప్పేవాడు.

ఈ మేడ ఓనరు కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. మీటరాయన. ఊళ్ళో అందరి గుమ్మాలూ తొక్కేవాడు, సొంత గుమ్మం తప్ప. ఊరికి ఆ చివర ఒంటి గదిలో అద్దెకుండేవాడు. సొంతిల్లు పెట్టుకుని ఈ కొంపలో ఎందుకండీ అని తాళాలాయన అడిగితే, వినబడనట్టు గోడ వైపు తిరిగాడు.

రెండు నెలల్లో ఆయనకి రిటైర్మెంటు. బ్యాంకు లోను ఇంకా మూడేళ్ళుంది. అద్దె వస్తే వాయిదా కట్టుకోవచ్చు, రాకపోతే ఇల్లు బ్యాంకు పాలవుతుంది. పోనీ అమ్మేసి చేతులు దులుపుకోండి అన్నాడు తాళాలాయన.

"అది నేనొక్కణ్ణీ అమ్మేది కాదు," అన్నాడు మీటరాయన. తాళంచెవి తీసిచ్చాడు.

ఓ సాయంత్రం పార్టీ కుదిరింది. మొగుడూ పెళ్ళాం. ఆరున్నరకల్లా వస్తామన్నారు. తాళాలాయన ఇంకో ఇంటి బేరంలో ఇరుక్కుని, గేటు దగ్గరికి చేరేసరికి బాగా చీకటి పడింది. వీధిలో ఎవరూ లేరు. మేడకి కరెంటు ఎప్పుడో తీసేశారు — మీటరాయన ఇంట్లోనే మీటరు తిరగదు. ఫోను లైటు వేసుకుని తాళం తీశాడు. తలుపు తోశాడు.

ముందు గదిలో గోడ పక్కన ఒకామె నిలబడి ఉంది.

ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ వెంటనే తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పెరటి తలుపు తీసి ఉంటుంది, పార్టీ తాలూకు ఆవిడ అటు నుంచి వచ్చి ఉంటుంది. ఆలస్యమైందమ్మా, ఏమీ అనుకోకండి అన్నాడు. ఒక్కరే వచ్చారా అని అడిగాడు.

"నన్ను ముందు పొమ్మన్నారు," అంది. గొంతు చాలా చిన్నది... చెవి రిక్కిస్తే గానీ అందలేదు.

లైటు మొహం మీద వెయ్యడం మర్యాద కాదని నేల మీదే ఉంచాడు. చీర కుచ్చిళ్ళకి సున్నం మరకలు కనబడ్డాయి. చెయ్యి మాత్రం గోడ మీద, ఆ మేకు మీద ఉంది.

అందరూ అడిగేవే అడిగింది. నీళ్ళు రోజూ వస్తాయా... వానకి గోడలు చెమ్మెక్కుతాయా... ఉన్నపళంగా ఖాళీ చెయ్యమంటారా. తాళాలాయన గడగడా చెప్పుకుపోయాడు. లోను తీరాక కాగితాలు ఎవరి పేరు మీద వస్తాయని కూడా అడిగింది. అద్దెకొచ్చేవాళ్ళకి ఆ కాగితాల గొడవెందుకో ఆయనకి అర్థం కాలేదు. ఓనరు గారి పేరు మీదే వస్తాయమ్మా అన్నాడు.

"గోడకి మేకు కొట్టుకోవచ్చా?"

"కొట్టుకోండమ్మా. మీ ఇల్లే అనుకోండి."

ఆమె ఆ మాటకి కాస్త నవ్వినట్టే అనిపించిందట. వీధిలో ఎక్కడో తలుపు వేసిన చప్పుడు... మళ్ళీ అంతా సద్దుమణిగింది. అప్పుడు అడిగింది —

"ఇంటాయన వస్తారా?"

పార్టీ ఓనర్ని అడిగింది! తాళాలాయన నాలుక తన పని తను చేసింది.

"ఆయన ఇటు రారమ్మా. పన్నెండేళ్ళ నుంచీ ఈ గుమ్మం తొక్కలేదు. ఇక రారు కూడా. ఏదైనా నాతోనే."

గదిలో గాలి ఆగినట్టయింది.

"...రారా?"

"రారు."

"మంచి మాట చెప్పావు బాబూ," అంది నెమ్మదిగా. "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు."

తిరిగి వెనక గది వైపు నడిచింది. అడుగుల చప్పుడు లేదు. అదే సమయానికి జేబులో రెండో ఫోను మోగింది. పార్టీ. ఆ మొగుడు అవతల నుంచి నొచ్చుకుంటూ చెబుతున్నాడు — పిల్లకి జ్వరం, ఇద్దరం ఇంట్లోనే ఉండిపోయాం, ఇల్లు చూడ్డానికి రేపొస్తాం అని.

తాళాలాయన లైటు వెనక గదిలోకి తిప్పాడు. ఎవరూ లేరు. పెరటి తలుపుకి లోపలి గడియ పెట్టే ఉంది — తుప్పు పట్టి, ఏళ్ళుగా తియ్యని గడియ.

వెనక్కి ఒక్క చూపైనా చూడకుండా, తలుపు కూడా వెయ్యకుండా పరుగు తీశాడు.

మీటరాయన గదికి చేరేసరికి ఆయన పక్క దులుపుకుంటున్నాడు. తాళాలాయనకి భయం పోయి కోపం వచ్చింది. ఇంట్లో ఏముందో ముందే చెప్పొద్దా, పెళ్ళాం పిల్లలు గలవాణ్ణి అని గయ్యిమన్నాడు. మీటరాయన దుప్పటి చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏమడిగింది?"

నీళ్ళ సంగతి చెప్పాడు, చెమ్మ సంగతి చెప్పాడు, కాగితాల సంగతి చెప్పాడు. మేకు సంగతి చెప్పగానే ఆ పెద్దాయన మంచం మీద కూలబడ్డాడు.

"మా ఆవిడ," అన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పింది ఇది. పెళ్ళయ్యాక పంతొమ్మిదేళ్ళలో పదకొండు అద్దె ఇళ్ళు మారారు. ఏ ఓనరూ గోడకి మేకు కొట్టనిచ్చేవాడు కాదు. అయినా ఆవిడ దొంగచాటుగా ఒక్కటి కొట్టుకునేది, పెళ్ళినాటి ఫోటో కోసం. ఖాళీ చేసే రోజున మేకు పీకి, ఓనరు కంట పడకుండా కన్నంలో తడి సబ్బు కూరి బొటనవేలితో చదును చేసేది. పదకొండు ఇళ్ళలోనూ అంతే. ఎప్పుడో మన గోడకి మనం కొట్టుకుంటాం, అప్పుడిక పీకే పని ఉండదు అనేది.

లోను మంజూరై సొంతిల్లు లేచింది. ఇంకా మెట్లకి పిట్టగోడ లేదు. సామాను చేరేసే రోజు సాయంత్రం, ఆవిడకి తాళంచెవి ఇచ్చి, నువ్వు ముందు పద, అడ్వాన్సు తీసుకుని వెనకే వస్తానన్నాడు. తీరా పాత ఓనరు గోడలు తట్టి చూస్తుంటే సబ్బు ఊడిపడింది. అడ్వాన్సులో కోత అన్నాడు. ఈయన పట్టు విడవలేదు. ఆ కాస్త సొమ్ము కోసం రెండు గంటలు వాదులాడుతూ కూర్చున్నాడు. ఆవిడ కొత్తింట్లో గోడకి మేకు కొట్టుకుంది. కొట్టి, ఈయన వస్తున్నాడేమో చూద్దామని డాబా మెట్లెక్కింది. చీకట్లో...

"నేను వీధి మొదటికి వచ్చేసరికే ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయారు. నేను అటే పరిగెత్తాను. ఇంట్లోకి మాత్రం... పోలేకపోయాను. మేకు కొట్టి పెట్టిందని జనం చెప్పారు. అది చూడ్డానికి ధైర్యం చాల్లేదు."

కోపమంతా దిగిపోయి, తాళాలాయనకి ఎక్కడ చూడాలో తెలియలేదు.

"ఇంకేమన్నా అడిగిందా?"

"ఓనర్ని అడిగిందండీ. వస్తారా అని."

మీటరాయన తలెత్తాడు.

"ఓనరనే అందా?"

తాళాలాయన గుర్తు తెచ్చుకున్నాడు. "లేదండీ. ఇంటాయన అంది."

పెద్దాయన తల ఊపాడు. "పేరు పెట్టి పిలిచేది కాదు. అందరి దగ్గరా మా ఇంటాయన, మా ఇంటాయన అనేది. ఇల్లు లేనివాణ్ణి ఇంటాయన ఏమిటే అని నవ్వేవాణ్ణి. అవుతావులే, అయ్యాక కూడా ఇలాగే పిలుస్తా అనేది." అంతలోనే అడిగాడు. "నువ్వేం చెప్పావు?"

అప్పుడు గానీ తాళాలాయనకి తను ఏం చేశాడో తెలియలేదు. వెయ్యిసార్లు అన్న మాటే. ఆ ఒక్కసారి మాత్రం అనకూడని మాట. అబద్ధం చెబుదామనుకున్నాడు గానీ, ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాడు.

"రారని చెప్పాను... ఇక రారు కూడా అన్నాను."

మీటరాయన లేచాడు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి తాళాలాయన చెప్పు వేసుకుని వీధిలో పడ్డాడు. అరవై దగ్గర పడ్డ మనిషి అంత వేగంగా నడవగలడని తాళాలాయన అనుకోలేదు. వెనకాల ఈయన ఆయాసపడుతూ పరిగెత్తాడు.

మేడ తలుపు తెరిచే ఉంది. గుమ్మం దగ్గర పెద్దాయన ఒక్క క్షణం ఆగాడు. కళ్ళు మూసుకుని లోపల అడుగుపెట్టాడు, పన్నెండేళ్ళ తర్వాత.

"వచ్చానే," అన్నాడు. "ఇదుగో... వచ్చాను."

ఏ గదీ పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. వెనక గదిలోకి వెళ్ళి పిలిచాడు, మెట్ల కింద నిలబడి పిలిచాడు. టక్కుమన్న చప్పుడైనా వినిపిస్తుందేమోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు... ఎంతసేపైనా ఏమీ లేదు. ఖాళీ ఇంట్లో ఉండే నిశ్శబ్దమే ఉంది.

తాళాలాయన ముందు గది గోడ మీద లైటు వేశాడు.

మేకు లేదు.

మేకు ఉన్నచోట తెల్లగా ఏదో పూసి ఉంది. మీటరాయన వేలితో తాకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సబ్బు. ఇంకా తడిగానే ఉంది. దాని మీద బొటనవేలి ముద్ర చదునుగా పడి ఉంది.

"ఖాళీ చేసి వెళ్ళిపోయింది," అన్నాడు. అని, చెంప ఆ గోడకి ఆనించి ఏడ్చాడు. తాళాలాయన లైటు ఆర్పేసి చీకట్లో నిలబడ్డాడు. ఆ రాత్రి ఏడ్చింది ఆయనొక్కడే కాదు.

ఇప్పుడు మీటరాయన ఆ మేడలోనే, కింద భాగంలో ఉంటున్నాడు. గది అద్దె మిగులుతుంది, పై వాటా అద్దెకిస్తే వాయిదాకి లోటుండదు, ఇల్లు బ్యాంకు పాలవదు. సాయంత్రాలు ఆ మేడలోంచి మళ్ళీ టక్... టక్... టక్ వినిపిస్తోందని వీధిలోవాళ్ళు భయపడుతున్నారు గానీ, అది దెయ్యం కాదు. అది మీటరాయనే. అదే కన్నంలో మేకు కొడతాడు. సబ్బు నిండిన కన్నంలో మేకు నిలవదు, తెల్లారేసరికి కిందపడి ఉంటుంది. పక్కన కొట్టుకోవచ్చు కదండీ అని తాళాలాయన ఒకసారి అన్నాడు. ఆవిడ పెట్టిన చోటు ఇదేనయ్యా అన్నాడాయన.

మొన్న పై వాటా చూడ్డానికి ఆ పార్టీయే వచ్చింది, అప్పుడు పిల్లకి జ్వరమన్నవాళ్ళు. తాళాలాయన తన సూత్రం ఎప్పుడో వదిలేశాడు, ఓనర్ని దగ్గరుండి కలిపాడు. అన్నీ అడిగారు, నీళ్ళూ, చెమ్మా, మేకులూ. ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోమన్నాడు మీటరాయన. వెళ్ళబోతూ ఆ అమ్మాయి లోపలికి తొంగిచూసి, ఇంటావిడ లేరా అండీ అని మామూలుగా అడిగింది.

మీటరాయన ఆ అమ్మాయి వైపు చూడలేదు. తాళాలాయన వైపు చూశాడు.

నడుము దగ్గర గుత్తి చప్పుడు కాకుండా తాళాలాయన గట్టిగా పట్టుకున్నాడు.

"వస్తారమ్మా," అన్నాడు. "వెనకే వస్తున్నారు."