వెచ్చబడిన గోడ

“ఈవేళ ఈ ఇంట్లో ఏదో ఒకటి జరిగి తీరుతుంది, చూస్తూ ఉండండి” అంది ఆమె, టీ గ్లాసు అందిస్తూ.

“నిన్నా అదే అన్నావు” అన్నాడు భర్త.

“నిన్న జరగలేదుగా! అందుకే ఇవాళ మరీ భయం.”

చుట్టుపక్కలంతా కరెంటు మేస్త్రి అని పిలిచే ఆ మనిషి టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. మోకాళ్ల నొప్పులంటూ కొన్నాళ్లుగా పనులేవీ ఒప్పుకోవడం లేదు. కూతురు పిట్ట చెప్పులు వేసుకుంటూ, “అమ్మా, కంప్యూటర్ పనిలో పెట్టి వెళ్తున్నా. ముట్టుకోకు, నీకు దండం పెడతా” అని తల్లికి మాత్రమే చెప్పి ఆఫీసుకు బయల్దేరింది. కట్టబోయే ఇళ్లు ఎలా ఉంటాయో ముందే బొమ్మలు చేసి చూపించడం ఆ పిల్ల ఉద్యోగం.

తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేక నాలుగు నెలలు. గొడవంతా ప్రాసెసర్ మీద. కంప్యూటర్‌కు అది మెదడట. చిన్నది కొనుక్కో, అరవై అయిదు వాట్లతో సరిపెట్టుకుంటుంది అని ఆయన. చిన్నది రోజంతా చేసే పని పెద్దది రెండు గంటల్లో చేస్తుంది అని పిట్ట. చివరికి పెద్దదే వచ్చింది. పనిలో దిగితే రెండు వందల యాభై వాట్లు తాగుతుంది. పోనీ రెండు గంటల్లో ఆగుతుందా అంటే, వేగం చూసి ఆఫీసువాళ్లు నాలుగింతల పని అంటగట్టారు.

మేస్త్రి కూరగాయలకని వెళ్లాడు. ఆమె ఒక్కతే మిగిలింది.

వంటింట్లో బల్బు ఒక్కసారి మసకబారి మళ్లీ వెలిగింది. మనిషి లేని పిట్ట గదిలోంచి రొద వస్తోంది. పెరుగుతోంది, తగ్గుతోంది, ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నట్టు. గుండె చిక్కబట్టుకుని వెళ్లి ఆ గది గోడ మీద చెయ్యి వేసింది. ఒక్కచోట, సరిగ్గా మనిషి ఛాతీ ఎత్తులో, గోడ వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన ఒంటిలా. మొన్న భర్త ఇక్కడే అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఏమిటండీ అంటే దొంగలా తప్పుకున్నాడు.

అంటే ఆయనకూ తెలుసా?

గోడ లోపల చిటచిటమంది. ఆమె ఊపిరి బిగబట్టింది. చప్పుడు ఆగింది. అది కూడా వింటోందేమో! వసారాలోకి పరుగెత్తి మెయిన్ స్విచ్ లాగేసింది.

ఆఫీసు తెర మీద ఇంట్లో తన కంప్యూటర్ ఆగిపోయినట్టు చూసిందేమో, పిట్ట పది నిమిషాల్లో ఊడిపడింది.

“మూడు రోజుల పనమ్మా! ముట్టుకోవద్దన్నానా?”

“పనీ లేదు, గినీ లేదు. ఆ గోడలో ఎవరో ఉన్నారే! వెచ్చగా ఉంది, గొణుగుతోంది!”

“నీ భయాలకు అంతులేదు. ఏదీ?” విసురుగా వెళ్లి గోడను తాకిన పిట్ట చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. సున్నం కింద ఏదో కమిలిన వాసన.

అప్పుడే సంచితో లోపలికొచ్చిన మేస్త్రి, గోడ దగ్గర వాళ్లిద్దర్నీ చూసి గుమ్మంలోనే నిలిచిపోయాడు.

“నాన్నా” అంది పిట్ట. నాలుగు నెలల తర్వాత ఆ పిలుపు. “రెండు వందల యాభై వాట్లకే తీగ ఇంత కాలదు. ఆ మాత్రం నీ కూతురిగా నాకూ తెలుసు. చిన్నదే కొనమని అంత పోరావు, ఎందుకో ఒక్కనాడూ చెప్పలేదు. ఈ గోడలో ఏముంది?”

భార్య ఆయన ముఖం వంక చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ ముఖంలో భయం చూడడం ఇదే మొదలు.

“నేను వేసిన తీగల అతుకమ్మా” అన్నాడు చివరికి, నేల చూస్తూ. “నీ గదికి తీగ లాగిన రోజే నా చేతులు వణకడం మొదలైంది. గట్టిగా బిగించలేకపోయాను, ఆ వదులు అతుకే కాలుతోంది. చిన్నదైతే ఆ అతుకు ఓర్చుకుంటుందనుకున్నా. కరెంటు మేస్త్రికి చేతులు పోయాయని నీతో ఏ నోటితో చెప్పను తల్లీ?”