నీళ్ళలో ఎర్ర రింగు

కోచ్ మేడమ్ ఈతకొలనులోకి మూడు రింగులు విసిరారు. ఎరుపు, నీలం, పసుపు. మూడూ అడుగుకి చేరాయి.

"ఎర్రది తెచ్చినవాళ్ళు రేపట్నుంచి పెద్ద కొలనులో ఈదొచ్చు" అన్నారు.

ఇక బుడ్డోడి వంతు. వాడి అక్క గట్టుమీద బెంచీపై కూర్చుని ఉంది. ఆమెకు పుస్తకాలంటే ప్రాణం, నీళ్ళంటే గిట్టదు. అందరూ ఆమెను సైంటిస్టు అంటారు. తమ్ముణ్ణి దగ్గరికి పిలిచింది.

"ఒరేయ్, ఎర్రది తేవాలంటే నీలంది తియ్యి."

"అదేంటక్కా?"

"వెలుగు అలలు అలలుగా వస్తుంది. ఒక అల పొడవే తరంగదైర్ఘ్యం. ఎరుపుకి పొడుగు అల, నీలానికి పొట్టి అల. నీళ్ళలో ఏ అలైనా ముప్పావు వంతుకి తగ్గిపోతుంది. లెక్క కట్టా. ఎరుపు అల తగ్గితే సరిగ్గా నీలం సైజు! అంటే లోపల ఎర్రదే నీలంగా కనపడుతుంది."

"ఇక్కణ్ణుంచి ఎర్రగానే కనపడుతోందిగా?"

"అది గాలిలోకి వచ్చేశాక. నువ్వు చూసేది లోపల. నా లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

బుడ్డోడు గాగుల్స్ సర్దుకుని మునిగాడు. నీలం రింగుతో తేలాడు. పిల్లలంతా గొల్లున నవ్వారు.

"వచ్చే నెల చూద్దాంలే నాన్నా" అన్నారు మేడమ్.

వాడు తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. "లోపల ఎర్రది ఎర్రగానే ఉందక్కా. నువ్వు చెప్పావని నీలంది తీశా."

సైంటిస్టు లెక్క మళ్ళీ చేసింది. తప్పు లేదు. మరి రంగెందుకు మారలేదు?

అవతలి వైపు పెద్దవాళ్ళ కసరత్తు మొదలైంది. మేడమ్ విజిల్ ఊదిన ప్రతిసారీ ఒక అడుగు. గట్టుమీద బారెడు అంగలు వేసినవాళ్ళు నీళ్ళలోకి దిగగానే జానెడు అడుగులు వేస్తున్నారు. విజిల్ మాత్రం అదే వేగంతో మోగుతోంది.

ఆమె చటుక్కున లేచింది. "అడుగు తగ్గింది, విజిల్ మారలేదు! అల పొట్టిదైనా, క్షణానికి ఎన్ని అలలు వస్తాయో అది మారదు. కన్ను రంగును పట్టేది దాన్ని బట్టేరా!"

నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళింది. "వాడి తప్పు లేదు మేడమ్. నేనే తప్పు చెప్పా. ఇంకొక్కసారి దూకనివ్వండి."

మేడమ్ రింగులు మళ్ళీ విసిరారు.

"ఈసారి ఎర్రదే తియ్యరా" అంది అక్క.

తువ్వాలులోంచి ఒక కన్ను బయటికొచ్చింది. "మళ్ళీ లెక్కేనా?"

సైంటిస్టు చెప్పులు విప్పింది. మెట్లు దిగి నడుములోతు నీళ్ళలో నిలబడింది.

"గాగుల్స్ తీసుకో అక్కా!"

"వద్దు. వాటి లోపల గాలుంటుంది. ఉత్త కళ్ళతోనే చూడాలి."

ముక్కు మూసుకుని మునిగింది. దగ్గుతూ లేచింది.

"మసకమసగ్గా ఉంది కానీ... ఎర్రగానే ఉందిరా!"

"నీ కళ్ళు కూడా!" అంటూ బుడ్డోడు దూకాడు. ముందు వాడి చెయ్యి పైకొచ్చింది. చేతిలో ఎర్ర రింగు.

చప్పట్లు ఆగాక అక్క అడిగింది. "ఒరేయ్, పసుపుది ఎలా కనపడింది?"

"నన్నెందుకు అడుగుతావ్?"

సైంటిస్టు నవ్వి, ముక్కు మూసుకుని మళ్ళీ మునిగింది.